కామాక్షయ్య నగరం

ఎలుగు బిలంలోకి ముందుగా గురవయ్య దూరాడు. అతని వెనక టార్చిలైటుతో పోతులూరయ్య, చిట్టచివర చీర కుచ్చెళ్లు బొడ్లో దోపుకుని త్రిపురాంబ టీచరు.

"తల వంచు సామీ! వంచమంటే ఎత్తుతావేంది!" అని గురవయ్య అరిచేలోపే పోతులూరయ్య నుదురు రాతిని పలకరించింది.

"తగిలిందా?" అంది వెనకనుంచి త్రిపురాంబ.

"తగిలింది అక్కయ్యా."

"మంచిది. ఇక గుర్తుంటుంది."

ముప్ఫయ్యారేళ్లు లెక్కలు చెప్పిన మనిషి. ఆవిడ ఓదార్పు అలాగే ఉంటుంది.

ఆవిడ తండ్రి కామాక్షయ్య, ఆత్మకూరులో కాగితంతో ఊళ్లు కట్టిన మనిషి. రంగు లేదు, సిరా లేదు. దళసరి కాగితాన్ని తడిపి, చెక్కిన కొయ్యపలక మీద పరిచి అదిమితే, ఆరేసరికి కర్నూలు వీధులూ బెజవాడ కాలవలూ హైదరాబాదు సందులూ తెల్లకాగితం మీద తెల్లగానే ఉబ్బి లేచేవి. ఆ పటాల మీద పేర్లు రాసేవాడు కాదు. అక్షరం కనబడితే జనం దాన్ని చదివేసి బొమ్మను చూడడం మానేస్తారని ఆయన కోపం.

ముప్ఫై ఏళ్ల కిందట ఆయన ఆఖరుగా చేసిన పటం ఈ బిలానిది. లోపలి దారులన్నీ ఊరి వీధుల్లా తీర్చి, నడిమధ్య శనగగింజంత గుర్తు పెట్టాడు. "అక్కడ తెల్లటి నగరం ఉంది. నా కళ్లతో చూశాను" అని కనబడ్డవాళ్లందరికీ చెప్పి, నెల తిరక్కుండా జ్వరంతో పోయాడు. శిష్యుడు పోతులూరయ్య గురుభక్తితో ఆ పటానికి చట్రం కట్టి దుకాణంలో వేలాడదీశాడు. నగరమంటే నిధి అనుకున్నవాళ్లు దానికి నకళ్లు గీసుకుని, గడ్డపారలతో బిలంలోకి వెళ్లి, నెత్తిన గబ్బిలాల రెట్టతో తిరిగొచ్చారు. అప్పటినుంచి ఆత్మకూరులో ఎవడు కోతలు కోసినా "కామాక్షయ్య నగరంలే!" అనడం అలవాటైపోయింది.

మొన్న త్రిపురాంబ పదవీ విరమణ సభలో ముఖ్య అతిథి, పాపం, ఆవిడ ఎవరి కూతురో తెలియక, "టీచరుగారి గురించి నేను చెప్పేది కామాక్షయ్య నగరం కాదు, నూటికి నూరుపాళ్లు నిజం" అన్నాడు. ఆవిడ మెడలో దండతోనే వేదిక దిగి దుకాణానికి వచ్చింది.

"ఒరే పోతులూరూ, చట్రం విప్పు. నా మోకాళ్లు పనిచేస్తుండగానే వెళ్లాలి. ఉంటే ఉందని, లేకపోతే లేదని, నా కళ్లతో నేను తెలుసుకోవాలి."

అలా బయలుదేరారు. గురవయ్య చెంచు. తేనె కోసం బిలం నోటిదాకా వచ్చినవాడే కాని లోపలికి ఎన్నడూ పోలేదు. "లోపల ఏముందని పోవాల?" అన్నది అతని వాదం.

"ఎడమకి!" పటం చూస్తూ కేకేశాడు పోతులూరయ్య. తిరిగారు. "మళ్లీ ఎడమకి!" పాకారు. "ఇప్పుడు కుడికి! వచ్చేశాం అక్కయ్యా, ఇదే నడిమధ్య!"

టార్చి ఎత్తాడు. గుండ్రటి పెద్ద గుహ. కప్పు నిండా నల్లటి పళ్లు వేలాడుతున్నట్టుంది. ఆ పళ్లన్నీ ఒక్కసారిగా కళ్లు తెరిచాయి.

"పండుకోండి! బోర్లా పండుకోండి!"

వెయ్యి గొడుగులు ఒకేసారి విప్పినట్టు చప్పుడు. పోతులూరయ్య పడుకోబోయి త్రిపురాంబ మీద పడ్డాడు, ఆవిడ గురవయ్య మీద పడింది, టార్చి ఎక్కడో గోతిలో పడి, నీళ్లలో బుడుంగుమంది.

చిమ్మచీకటి. గబ్బిలాలు మెల్లగా సర్దుకున్నాయి.

"సెల్లు తియ్యి" అంది త్రిపురాంబ.

"జీపులో ఉంది. నీదో?"

"నీదాని పక్కనే."

"యా పక్కనించి వచ్చినామో తెలీడంలే సామీ" అన్నాడు గురవయ్య. ఆ గొంతులో భయం విని పోతులూరయ్యకు నోరెండిపోయింది. అంతలో కప్పునుంచి చల్లటి చుక్కొకటి సరిగ్గా పెదవి మీద పడింది. గబ్బిలానిదేమోనని వణికాడు. కాదు, నీళ్లే. ఆ మాత్రం దయకే అతనికి ప్రాణం లేచొచ్చింది.

చేతిలో పటం ఉంది. చీకట్లో పనికొచ్చే పటం లోకంలో ఇదొక్కటేనేమో! వేళ్లతో తడిమాడు. ఉబ్బిన వీధులు వేలికి తగిలాయి. కాని కాగితం వేలికి గరుకుగా తగిలింది.

పని పూర్తయ్యాక పటానికి ముఖంవైపు గవ్వతో రుద్ది మెరుగు పెట్టడం గురువుగారి అలవాటు. వీపును వదిలేసేవాడు. పోతులూరయ్య కాగితం తిప్పి తడిమాడు. ఇటువైపు వెన్నలా నున్నగా ఉంది. ఈవైపు వీధులు ఉబ్బి లేవు, కాలవల్లా లోతుగా దిగి ఉన్నాయి. ఊళ్లను ఉబ్బించే మనిషి, నేల కిందున్న దారులు కనక, వీటిని లోతుగా అదిమాడు!

"అక్కయ్యా" అన్నాడు పోతులూరయ్య. "గురువుగారి పటాల్లో వీధులెప్పుడూ పైకే ఉంటాయి కదా అని, ఉబ్బినవైపే ముఖమనుకుని చట్రం కట్టాను. ఇన్నాళ్లూ ఊరికి చూపించింది దీని వీపు. ఎడమ కుడయింది, కుడి ఎడమయింది. మీ నాన్నను అబద్ధాలకోరుని చేసింది నేను."

"తరవాత తిడతాను" అంది త్రిపురాంబ. "ముందు దారి చెప్పు."

మనం ఎడమ, ఎడమ, కుడి తిరిగాం అనుకుంటూ నున్నటివైపు వేలు నడిపించాడు. వేలు గుండ్రటి గుంటలోకి దిగింది. గబ్బిలాల గుహ! "ఇక్కడున్నాం! బయటికి వెనక్కి పోవాలి. నగరానికి ఈ గోడ వెంబడే ముందుకి."

"ఈ పక్కనించి గాలి వస్తాండాది. వచ్చిన పక్క గాలి లేదు, ముందంటే ఇదే" అన్నాడు గురవయ్య ముక్కెగబీలుస్తూ. "బొక్క ఉండాదక్కడ."

"అయితే నగరానికే" అంది త్రిపురాంబ.

గురవయ్య తాడుతో ముగ్గురూ నడుములు కట్టుకున్నారు. "కుడికి! మెట్టు! మళ్లీ కుడికి!" అంటూ ముందు నడిచింది పోతులూరయ్య వేలే. నాలుగో మలుపులో చీకటి బూడిదరంగయింది, ఆపైన పాలరంగయింది.

కప్పులోని బొక్కనుంచి ఎండ నిలువుగా దిగుతోంది. దాని కింద, పెళ్లిపందిరంత జాగాలో, మోకాలెత్తున తెల్లటి రాతి నగరం! సున్నపునీళ్లు బొట్టుబొట్టుగా కారి కట్టిన గోపురాలు, గోడలు, మెలికలు తిరిగిన వీధులు. ప్రతి వీధిలోనూ అంగుళం లోతు నీళ్లు, నీళ్లలో ఎండ.

త్రిపురాంబ కూలబడింది.

"ఇప్పుడు తిట్టు అక్కయ్యా" అన్నాడు పోతులూరయ్య.

"ఉండరా. చూడనీ."

అతనికి మాత్రం చేతులు దురదపెట్టాయి. సంచిలోంచి కొత్త కాగితం తీసి, తడిపి, ఓ వీధి మీద పరిచి మెత్తగా అదిమాడు. టిక్కుమని చిటికెనవేలంత గోపురం విరిగింది.

"సామీ! నీ తాత పుట్టకముందునించి కట్టుకుంటాండాది అది! నువ్వు అతికిస్తావా?"

పోతులూరయ్య సిగ్గుపడి కాగితం మడిచేశాడు. ముప్ఫై ఏళ్లనాడు గడ్డపారలు సరైన దారి పట్టి ఉంటే ఏమయ్యేదో అతనికి అప్పుడు తట్టింది. త్రిపురాంబ వంక చూశాడు. ఆవిడకూ తట్టినట్టే ఉంది.

మర్రి కాదు, జువ్వి కాదు, పేరు తెలియని ఏదో చెట్టు తాలూకు వేరు పైనుంచి వేలాడుతోంది. గురవయ్య దాన్ని పట్టుకుని ఉడుతలా పైకి పాకి, కిందికి తాడు వదిలాడు. "పట్టుకోండమ్మా! వదలమాకండి! కిందికి చూడమాకండి!" లోపల ఉన్నంతసేపూ మర్యాదగా ఊరుకున్న ఆవిడ మోకాలు, గట్టెక్కాకే కలుక్కుమంది.

కొండ దిగి వస్తే జీపు పక్కన ముగ్గురు నిలబడి ఉన్నారు. భుజాన గడ్డపారలు, సంచిలో నిమ్మకాయలు, పసుపు.

"టీచరమ్మా! లోపలికి పోయొచ్చినారా?" అన్నాడు పెద్దవాడు ఆత్రంగా. "నగరం ఉండాదా?"

ఇన్నేళ్లుగా ఆవిడ ఊరివాళ్ల ముఖాన చెప్పాలనుకున్న 'ఉంది' అన్న ఒక్క మాటను, వీళ్లు అడిగి మరీ చెప్పమంటున్నారు.

"ఎక్కడి నగరం నాయనా! గబ్బిలాలు తప్ప ఏమీ లేవు" అంది త్రిపురాంబ, ముఖం వెలిగిపోతుండగా. "మా నాన్నంత కోతలరాయుడు ఈ జిల్లాలోనే పుట్టలేదు!"