చక్‌లో పెరిగిన బరువు

లేత్‌కి బిగించిన ఇనుము ఎంత బరువుందో చూడకుండా స్విచ్ నొక్కే ధైర్యం మీకెవరిచ్చారు?

గాబ్రోవోలో క్రుమ్ వర్క్‌షాప్ తలుపు మీద అక్కడే లేత్ పని చేసిన స్టామెన్ చావు కబురు అచ్చేసిన కాగితం ఇంకా అతికించే ఉంది. ఫొటో వెలిసిపోయింది. జేబులో ఎప్పుడూ ఆల్‌బుఖారా సారా సీసా పెట్టుకు తిరిగేవాడు. పెద్ద లేత్‌లో ఇనుమును దవడలతో బిగించి పట్టే చక్‌లోంచి ఎగిరొచ్చిన ఇనుము అతని ప్రాణం తీసింది. అప్పట్నుంచీ అక్కడో కట్టుబాటు: చెక్కే ఇనుమును ఎక్కించే ముందూ, దించాకా తూచాలి. బరువునీ, దాటకూడని వేగాన్నీ లేత్ మీద సుద్దతో రాయాలి.

ఆ సాయంత్రం క్రుమ్ దగ్గర పనిచేసే దెనిత్స ప్రెస్సు మిషన్ చక్రాన్ని తూచింది. రెండొందల పది కిలోలు. పోత సరిగా రాలేదు, ఒక పక్కకి బరువు లాగుతోంది. నిమిషానికి నూరు చుట్లు దాటకూడదని రాసింది.

"నూరా? తెల్లారినట్టే!" అన్నాడు క్రుమ్.

"వేగం పెరిగితే చక్ దవడలు పట్టు వదులుతాయి బాబాయ్. నీ చక్రానికేం కాదు, నా తలకాయే పోతుంది."

"ఈ వాదనలు కాలేజీలో చేసుకో తల్లీ. చక్రం కోసం వస్తున్న లారీ దారి తప్పిందట, ఎదురెళ్ళి తీసుకొస్తా."

అతను మంచులోకి వెళ్ళిపోయాడు. లేత్ నెమ్మదిగా తిరుగుతోంది. ఇనుప పొట్టు చుట్టలు చుట్టలుగా రాలుతోంది. కాలిన నూనె వాసన. కాసేపటికి అందులోకి ఇంకో వాసన... తియ్యగా, ఘాటుగా.

"ఇంకొంచెం పెంచు తల్లీ..."

వెనకనుంచి గుసగుస. క్రుమ్ తిరిగొచ్చాడనుకుంది. పని మీంచి చూపు తిప్పకుండానే, "నీ తొందర పాడుగానూ!" అని గొణుగుతూ వేగం నాబ్ కాస్త తిప్పింది.

దబ్... దబ్... నేల అదిరింది.

"ఇంకొంచెం..."

మెడ మీద చల్లటి ఊపిరి. వేళ్ళు వాటంతటవే నాబ్ తిప్పాయి. దబ్‌దబ్‌దబ్. దవడ దగ్గర కిర్రుమంది...

ఎదురుగా తలుపు తెరుచుకుంది. టోపీ నిండా మంచుతో క్రుమ్.

"ఆపవే పిచ్చిదానా!"

ఎర్ర బటన్ మీద కొట్టి పక్కకి దూకింది. చక్రం ఆగేదాకా ఇద్దరూ గోడకి అతుక్కుపోయారు.

"నువ్వేగా పెంచమన్నావు..."

"నేనిప్పుడేగా వస్తున్నా!" అతను గాలి పీల్చాడు. మొహం పాలిపోయింది. "సారా... ఎవరు తాగారిక్కడ?"

 దెనిత్స గొలుసు కప్పీతో చక్రాన్ని దించి, తక్కెడ కొక్కేనికి తగిలించింది. సాయంత్రమంతా చెక్కింది. కింద గుట్టగా పొట్టు. బరువు తగ్గాలి కదా?

ముల్లు రెండొందల ఎనభై దాటి ఆగింది.

"ఒక... మనిషంత ఎక్కువ," అన్నాడు క్రుమ్.

మీ లేత్ ఇప్పుడు తిరుగుతోందా? ఆపండి. దించి తూచండి. వేగం పెంచమని వెనకనుంచి ఎవరన్నా సరే, ముందు మిషన్ ఆపండి. తర్వాత తిరిగి వాళ్ళ మొహం చూడండి.