బుడంకాయ గుద్దిన గోడ

రోబో క్లాసు పదకొండింటికే అయిపోయింది. ఇప్పుడు మూడు. పిచ్చుక ఇంటికి రాలేదు.

పన్నెండేళ్ల పిల్ల. పుల్లలా ఉంటుందని ఇంటా బయటా అదే పేరు. ఉబ్బసం. ఊపిరి అందనప్పుడు పీల్చే ఇన్‌హేలర్ పొద్దున్న మర్చిపోయి వెళ్లింది. అదిప్పుడు తల్లి గుప్పిట్లో ఉంది.

"ఇది లేకపోతే నా బిడ్డ దక్కదు మేడమ్!"

తల్లి ఆ మాట అన్నప్పుడల్లా ఇన్‌స్పెక్టరమ్మ గడియారం చూసుకుంటోంది.

రోబో క్లాసుకి మేడ మీద ఒకటే హాలు. బల్లల మీద వైర్లు, బుల్లి మోటార్లు, అరచేతిలో ఇమిడే కంట్రోలర్ బోర్డులు. కానిస్టేబుళ్లు బీరువాలు తెరిచారు. వాటర్ ట్యాంకులో టార్చి వేసి చూశారు. ఎక్కడా లేదు.

"చివరిసారి ఎప్పుడు చూశారు?"

"పదకొండుంపావుకి. నేనే మెట్లదాకా దిగబెట్టాను," అన్నాడు క్లాసు చెప్పే సారు. చొక్కా నలగలేదు. మాట తొణకలేదు.

"తర్వాత?"

"తాళం వేసి భోజనానికి వెళ్లాను."

గోడవారగా నిలబడ్డ పిల్ల తండ్రిని తల్లి వేలెత్తి చూపింది. ఆ ఇద్దరూ విడిపోయి ఏడాదైంది.

"ఆయన్నడగండి! పిల్లని ఎత్తుకుపోతానని పోయిన వారమే బెదిరించాడు."

"ఎత్తుకుపోయినవాణ్ణి నీ తిట్లు తినడానికి ఇక్కడికెందుకొస్తానే?" అతను గోడ వదిలి ముందుకొచ్చాడు.

"పదకొండున్నరకి ఎక్కడున్నావు?"

"బస్సు నడుపుతున్నా మేడమ్. బస్సు నిండా సాక్షులే."

ఇన్‌స్పెక్టరమ్మ చూపు బల్ల మీది చిన్న రోబో మీద పడింది. రెండు చక్రాలు. మూతి మీద కళ్లలాంటి రెండు గుండ్రటి బిళ్లలు.

"ఎవరిది?"

"మా పిచ్చుకదే," అంది తల్లి. " బుడంకాయ అని పేరు పెట్టుకుంది. దీన్ని వదిలి పక్కింటికైనా పోదు."

"పాడైపోయింది మేడమ్," సారు అందుకున్నాడు. "గోడని గుద్దుతోంది. కోడ్ తప్పు రాశావని అందరి ముందూ కేకలేశాను. అలిగి వదిలేసి పోయింది."

తల్లి ఏడుపు ఆగింది. "గోడనా? ఇంట్లో గోడ దగ్గర బుద్ధిగా ఆగేదే! నా బొంతనే గుద్దేది. ఇది శబ్దం వదిలి, అది తగిలి తిరిగొస్తేనే ఎదురుగా ఏదో ఉందనుకుంటుందట. మెత్తటి బొంత శబ్దాన్ని మింగేస్తుందనీ, అడ్డం పెట్టొద్దనీ నా మీదే కస్సుమనేది."

ఇన్‌స్పెక్టరమ్మ రోబోని నేల మీద పెట్టి స్విచ్ వేసింది.

"బ్యాటరీ అయిపోయుంటుంది మేడమ్..."

అయిపోలేదు. బుడంకాయ బుర్రుమంటూ వెళ్లి, మొదటి గోడకి జానెడు దూరంలో ఆగి తిరిగింది. రెండోదీ అంతే. మూడోదీ అంతే. నాలుగో గోడకి ఆనించి బల్లలు పేర్చి ఉన్నాయి. వాటి కాళ్ల మధ్య దూరిపోయింది.

టప్!

ఆగలేదు. చక్రాలు అక్కడే గిరగిరా తిరుగుతున్నాయి.

"చెప్పానుగా," అన్నాడు సారు.

ఆమె వంగి రాత అట్ట ఒకటి ఆ గోడకి ఆనించింది. రోబోని వెనక్కి లాగి వదిలింది. ఈసారి అట్టకి జానెడు దూరంలో ఆగి తిరిగింది. అట్ట తీసింది. మళ్లీ టప్!

"మూడు గోడల దగ్గర బాగున్న కోడ్ నాలుగో గోడ దగ్గరే ఎలా చెడింది సార్? మీ దగ్గర నేర్చుకున్న పిల్ల తల్లికి పాఠం చెప్పింది. నేర్పిన మీకే గుర్తులేదా?"

సారు చెయ్యి జేబు మీదికి పోయింది.

"బల్లలు లాగండి!"

ఆమె గోడ మీద చెయ్యి వేసింది. అరచెయ్యి లోపలికి దిగబడింది. తెల్లగా, గోడ రంగులోనే బిగించిన గుడ్డ. దాని కింద మందపాటి ఫోమ్. ఫోమ్ మధ్య తలుపు అంచు, తాళం సందు. ఆ తలుపు వెనక గది ఒకప్పుడు పాటల రికార్డింగ్ స్టూడియో. లోపల గొంతు చించుకున్నా బయటికి వినపడదు.

"తాళం చెవి!"

"నేను... చంపాలనుకోలేదు..."

తండ్రి ఒక్క దూకులో అతని కాలరు పట్టుకున్నాడు. జేబులోంచి తాళం చెవి నేల మీద పడింది.

తలుపు తెరిస్తే గాలి చొరని చీకటి గది. నేల నుంచి నడుమెత్తు దాకా ల్యాప్‌టాప్‌లు, స్కూళ్ల ముద్రలున్నవి, దొంగిలించి తెచ్చినవి. వాటి పక్కన పిచ్చుక ముడుచుకుని పడి ఉంది. పెదాలు నల్లబడ్డాయి.

"వెనక్కొచ్చి ఈ గోడంతా నొక్కి చూసింది మేడమ్," సారు గొణిగాడు. "నేను తాళం వెయ్యడం మరిచిన తలుపు తెరుచుకుంది. సరుకు చూసేసింది. లోపలికి తోసి తాళం వేశాను. చీకటి పడ్డాక ఏదో ఒకటి..."

"నోర్ముయ్!"

తల్లి పిల్ల తల ఒళ్లోకి తీసుకుని ఇన్‌హేలర్ నోట్లో పెట్టి నొక్కింది. పిల్లలో చలనం లేదు. మళ్లీ నొక్కింది. అంబులెన్స్ ఎక్కడుందని ఎవరో ఫోన్లో అరుస్తున్నారు. మళ్లీ. "పీల్చమ్మా, ఒక్కసారి పీల్చు తల్లీ!"

పిల్ల ఛాతీ ఒక్కసారి ఎగసింది. పిల్లికూతలు పెడుతూ గాలి లోపలికి పోయింది. ఆ కూత కంటే తియ్యటి చప్పుడు ఇన్‌స్పెక్టరమ్మ ఎన్నడూ వినలేదు.

కళ్లు తెరవడానికే చాలాసేపు పట్టింది. మాట రావడానికి ఇంకా సేపు పట్టింది.

"అమ్మా... నా కోడ్ తప్పు కాదు."