గొర్లగెడ్డ కట్టకు మూడు ఆప్షన్లు

“పాత డ్యామ్‌కి మూడు రిపేరు డిజైన్లు. రేపు టెక్కలిలో కమిటీ ఒకటి ఖాయం చేస్తుంది,” అన్నాడు ఇంటెలిజెన్స్ చీఫ్ జగన్నాథం. “ఆప్షన్ ఏ, కట్ట మీద రాళ్ళు పేర్చి సిమెంటు పూయడం. బి, కట్ట నడుమ పునాది కిందిదాకా కాంక్రీటు గోడ దించడం. సి, కట్ట వెనక మట్టి దన్ను పోయడం. నీళ్ళు ఊరుతున్నది పునాది కింద. బి తప్ప ఏదీ నిలవదు. కోరల్ అనే ముఠాకి మాత్రం ఆప్షన్ ఏ కావాలి.”

“ఎందుకు సార్?”

“తుఫాను రాగానే కట్ట తెగుతుంది. ఖాళీ అయిన తీరంలో వాళ్ళు పోర్టు కడతారు.”

ఏజెంట్ యువరాజు గోడ మీది మ్యాపు వైపు తిరిగాడు. గొర్లగెడ్డ వాగు సముద్రంలో కలిసే చోట, సంతబొమ్మాళి దగ్గర పల్లెలో, అతని చెల్లెలు దుర్గ కాపురం.

ఊట కొలతల అసలు డేటా ఉన్న చిప్‌ను పచ్చి జీడిగింజలో పెట్టి అతికించారు. దాన్ని కమిటీకి చూపించాల్సింది కన్సల్టెంట్ ప్రమోదిని. ముఠాలోకి మనవాళ్ళే పంపిన డబుల్ ఏజెంట్. కాశీబుగ్గ జీడి వ్యాపారుల ఇంట పుట్టి పెరిగిందని ఫైల్లో ఉంది.

సాయంత్రం, పలాస స్టేషన్. యువరాజు జీడిపప్పు దళారి వేషంలో ఉన్నాడు. నల్ల కళ్ళద్దాలు, ఎర్రటి లిప్‌స్టిక్‌తో ఆమె రైలు దిగింది.

“గుండా, బద్దా?” పప్పు నిండుదా, చీలినదా అన్నట్టు కోడ్ వర్డ్ అడిగాడు.

“గుండే.”

గింజ అందించాడు. ఆమె అటూ ఇటూ చూసి, చిప్ తీయడానికి దాన్ని పళ్ళ మధ్య పెట్టి పుటుక్కున కొరికింది.

యువరాజుకి అనుమానం తగిలింది. పలాసలో పసిపిల్లలు కూడా పచ్చిగింజ నోట పెట్టరు. పెంకులోని నూనె మూతిని కాల్చేస్తుంది. కాశీబుగ్గ ఆడపడుచట! ఆ ఊరి బస్సు కూడా ఎక్కిన మనిషి కాదు, ముఠా మనిషే. అక్కడే పట్టుకుంటే వెనకున్నవాళ్ళు జారుకుంటారని నవ్వుతూ సాగనంపాడు. రెండో కాపీ ఉన్న గింజ అతని జేబులోనే ఉంది.

మర్నాడు టీ కెటిల్ పట్టుకుని మీటింగ్ హాలుకి వెళ్ళాడు. గుమ్మంలో ముఠా మనుషులు ఇద్దరు అడ్డుపడ్డారు. వేడి టీ ఒకడి మొహాన, కెటిల్ రెండోవాడి నెత్తిన పడ్డాయి.

లోపల తెర మీద మార్చేసిన డేటా. మూతికి స్కార్ఫ్ చుట్టుకున్న ప్రమోదిని. చైర్మన్ పెన్ను ఆప్షన్ ఏ మీద ఆనబోతోంది.

“ఆగండి సార్!”

తన దగ్గరున్న రెండో చిప్ లాప్‌టాప్‌లో పెట్టాడు. అసలు కొలతలు ఎర్రగా వెలిగాయి. స్కార్ఫ్ లాగేస్తే ఆమె పెదాల నిండా బొబ్బలు.

“ఏటమ్మా, మూతికేటైనాది? మీ ఊరి గింజే కదా!”

పోలీసులు ఆమెను, గుమ్మంలో పడున్న ఇద్దరినీ తీసుకుపోయారు.

చైర్మన్ చెమట తుడుచుకున్నాడు. “మీరు దేశాన్ని కాపాడారు. బి దివ్యంగా ఉంది. కానీ డేటా మారింది కదా, మూడింటినీ మళ్ళీ పోల్చాలి. కొత్త కమిటీ వేద్దాం.”

“అందాకా కట్ట, సార్?”

“ఊరికే వదిలేస్తామా? రాళ్ళు పేర్చి సిమెంటు పూయిద్దాం.”

అంటే ఆప్షన్ ఏ. యువరాజుకి ఏడుపొచ్చింది.

‘మిషన్ సక్సెస్, కంగ్రాట్స్’ అని చీఫ్ మెసేజ్ పెట్టాడు. దుర్గకి అన్న ఉద్యోగమేమిటో తెలియదు. కట్ట కోసం మీటింగుకి వెళ్ళాడని మాత్రం తెలుసు. బయటికొచ్చి ఆమెకు ఫోన్ చేశాడు.

“ఏటైంది అన్నియ్యా? గెలిసినావా?”

“గెలిసినామమ్మా,” అన్నాడు యువరాజు. “బేగి సామాన్లు సద్దుకో.”