పదికీ పదిహేనుకీ మధ్య

కారులో పాటల సెట్టు పెట్టించుకోవాలంటే ఆ వీధిలో అందరూ చెప్పేది ఒకటే దుకాణం. బోర్డు మీద పేరేదో ఉంది గానీ ఎవరూ చదవరు. యజమానిని అందరూ దడదడ అంటారు. అతను బిగించిన ఊఫర్లు, అంటే బేస్ కొట్టే పెద్ద స్పీకర్లు, మోగితే పక్క దుకాణంలో గాజు గ్లాసులు గలగలలాడతాయి. ఎదురింటి కిటికీ రెక్కలు వణుకుతాయి. దారిన పోయేవాళ్ళు గుండె మీద చెయ్యి వేసుకుని తిట్టుకుంటూ పోతారు. ఆ తిట్లంటే దడదడకి మహా ఇష్టం. అవి వినపడని రోజు పనేదో సరిగ్గా కుదరలేదని బెంగపెట్టుకుంటాడు.

ఆ పొగరే అతన్ని ఇరికించింది. అక్క ఇంట్లో భోజనాల దగ్గర బావ తన కొత్త కారు గురించి చెబుతూ, "పాత కారులో పది అంగుళాల ఊఫర్లు రెండున్నాయి కదా బామ్మర్దీ, వాటిని ఇందులోకి మార్చి, పదిహేను అంగుళాలది ఒకటి కలిపితే ఎలా ఉంటుంది?" అన్నాడు.

అలా కలపకూడదని ఈ పనిలో ఉన్నవాళ్ళెవరైనా చెబుతారు. చిన్నది చురుగ్గా కొట్టి ఊరుకుంటుంది. పెద్దది బద్ధకంగా లేచి, బద్ధకంగా ఆగుతుంది. ఒకటి గాలిని ముందుకు తోసే వేళకి ఇంకోటి వెనక్కి లాగుతుంది. అలాంటప్పుడు కారులో ఏదో ఒక చోట రెండూ ఒకదాన్నొకటి మింగేస్తాయి. అక్కడ కూర్చున్నవాడికి బేస్ అసలు వినపడదు. దాన్ని దడదడ గుంత అంటాడు. ఇదంతా తెలిసి కూడా, నలుగురి ముందు కాదనడానికి నామోషీ వేసి, "అందరికీ కుదరదు బావా. నా చేతికి కుదురుతుంది," అనేశాడు. బావ ఆ మాట అక్కడికక్కడే ఫోన్లో స్నేహితులందరికీ చేరవేశాడు.

కారు వచ్చిన రోజు మధ్యాహ్నానికే ఊఫర్ల పెట్టెలు డిక్కీలో బిగించేశాడు. సాయంత్రం వాన పట్టుకుంది. షట్టర్ సగానికి దించి, ఒక్క లైటు వేసుకుని, డ్రైవర్ సీట్లో కూర్చున్నాడు. కొత్త సీట్ల వాసన, టంకం పొగ, తడిసిన కార్పెట్ ముక్కల ముక్కిన వాసన అన్నీ కలిసి కారు లోపల గాలి బరువుగా ఉంది. షట్టర్ రేకు మీద వాన ఆగకుండా పడుతోంది.

ఫోన్లోంచి పరీక్ష మోత పెట్టాడు. అది పాట కాదు. పాతాళంలో మొదలై మెల్లమెల్లగా పైకెక్కే ఒకే ఒక మోత. ముందు అద్దాలు అదిరాయి. తర్వాత సీటు, తర్వాత పక్కటెముకలు. బాగానే ఉందనుకుంటుండగా, మోత ఒకచోటికి వచ్చేసరికి ఠక్కున మాయమైంది. డిక్కీలో ఊఫర్లు కొట్టుకుంటూనే ఉన్నాయి, వీపుకి అదురు తగులుతూనే ఉంది. చెవులకి మాత్రం ఏమీ లేదు. గుంత సరిగ్గా డ్రైవర్ సీట్లోనే పడింది.

"బావ కూర్చునే చోటే దొరికిందా నీకు," అని విసుక్కుంటూ, మోత పైకెక్కకుండా అక్కడే ఆపి పట్టాడు.

వాన చప్పుడు కూడా దూరమైపోయింది.

టక్.

టక్... టక్.

చెక్క మీద వేలి కణుపులతో కొట్టినట్టుంది. ఏ మరమేకో వదులైందనుకుని డాష్‌బోర్డు అదిమాడు. తలుపు రేకు నొక్కాడు. స్టీరింగ్ కింద చెయ్యి పెట్టి తడిమాడు. అన్నీ బిగుతుగానే ఉన్నాయి.

టక్ టక్. తర్వాత చెవి పక్కనే...

"చిన్నోడా..."

గొంతు లేదు. మాట ఆకారంలో ఉన్న గాలి.

ఆ పిలుపు ఈ లోకంలో ఒక్కరిదే. ఆయన పోయి రెండు నెలలైంది.

నాన్నకి గొంతు ఆపరేషన్ అయ్యాక మాట పోయి ఆ గాలే మిగిలింది. అది ఎదుటివాడికి అందకపోతే దొరికినదాని మీద కొట్టి పిలిచేవాడు. ఇంట్లో పగలంతా ఒక్కడే ఉండలేడని దడదడ ఆయన్ని దుకాణానికి తెచ్చుకునేవాడు. మా తమ్ముడు నాన్నని కళ్ళల్లో పెట్టుకుని చూసుకుంటున్నాడని అక్క కనిపించిన వాళ్ళందరికీ చెప్పి మురిసిపోయేది. కొన్నాళ్ళకే ఒక కస్టమర్ కూతురు ఆ గొంతు విని జడుసుకుని ఏడ్చింది. కస్టమర్ మొహం చిట్లించాడు. దడదడకి తల కొట్టేసినట్టయింది. మర్నాటి నుంచి నాన్న కుర్చీ వెనక గదిలోకి, అక్కడి మంచం పక్కకి మారింది. "అక్కడైతే హాయిగా పడుకోవచ్చు నాన్నా," అన్నాడు. ఆయన తలూపి, గోడ పట్టుకుని నడుచుకుంటూ లోపలికి వెళ్ళాడు. సొంత తండ్రిని చూసి సిగ్గుపడుతున్నానని తెలిసి దడదడకి ఇంకా సిగ్గేసింది. ఆ సిగ్గుని మోతలో ముంచేశాడు.

ఆయన పోయింది ఆ వెనక గదిలోనే. ఆ రోజు ముందు దుకాణంలో పెద్ద కస్టమర్ ఉన్నాడు, ఊఫర్లు దద్దరిల్లుతున్నాయి. సాయంత్రం వెళ్ళి చూసేసరికి ఆయన తలుపు దగ్గర నేల మీద ఉన్నాడు. దడదడ ఎత్తి మంచం మీద పడుకోబెట్టి, దుప్పటి కప్పి, ఆ తర్వాతే అక్కకి ఫోన్ చేశాడు. "నిద్రలోనే పోయాడక్కా. ఏమాత్రం బాధపడలేదు," అన్నాడు. అక్క వచ్చి అతని చేతులు పట్టుకుని, నువ్వు కాబట్టి ఇంత బాగా చూశావురా అని ఏడ్చింది. ఆ చేతుల్ని ఎక్కడ దాచుకోవాలో అతనికి తెలియలేదు.

"నాకు వినపడలేదు నాన్నా," అన్నాడు ఇప్పుడు, ఖాళీ కారులో. "అంత మోతలో ఎలా వినపడుతుంది?"

టక్ టక్ టక్.

వినపడింది. ఆ రోజు రెండు పాటల మధ్య ఖాళీలో ఆ కొట్టడం స్పష్టంగా వినపడింది. కస్టమర్ అటు తల తిప్పబోయాడు. ఆ గొంతు బయటికొస్తే పరువు పోతుందని దడదడ గబుక్కున వాల్యూమ్ పెంచాడు. కస్టమర్ ఆహా అన్నాడు.

దడదడ ఫోన్ లాగి పడేసి కారులోంచి దూకాడు. తర్వాత, భయంలో కూడా చేతులకి తెలిసిన పనే చేశాడు. పెద్ద ఊఫర్ తీగలు తిరగేసి, మోత మళ్ళీ పెట్టాడు. గుంత ఎడమవైపు సీట్లోకి జరిగింది. అక్కడ కూర్చుంటే అక్కడ... చిన్నోడా. అది అక్క సీటు. పెట్టెను పక్కకి జరిపాడు, పెద్దదాని మోత బయటికొచ్చే ఆలస్యం పెంచాడు, తగ్గించాడు. గుంత పూడలేదు. జరిగి జరిగి వెనక సీట్లో కుడి మూలకి చేరింది. బావ, అక్క ఇద్దరూ ముందే కూర్చుంటారు. వెనక కూర్చునేవాళ్ళు లేరు.

అయినా మనసు ఊరుకోలేదు. కలపడం నా వల్ల కాలేదని చెప్పేద్దాం, నవ్వితే నవ్వనీ, అనుకుని మోత ఆపేసి, పెద్ద ఊఫర్ తీగ తెంచడానికి కటింగ్ ప్లేయర్ అందుకున్నాడు. అప్పుడే షట్టర్ కింద నుంచి గొడుగు దూరింది.

"ఏం బామ్మర్దీ, ఊరంతా అదరగొట్టే సెట్టు పెట్టి చీకట్లో కూర్చున్నావేం?" బావ నవ్వుతూ లోపలికొచ్చాడు. వెనకే అక్క, కొంగుతో తల తుడుచుకుంటూ. "కారు నేను నడుపుకెళ్తా. ముందు వినిపించు!"

బావ వెళ్ళి స్టీరింగ్ ముందు కూర్చున్నాడు. అక్క వెనక తలుపు తీసింది.

"అక్కా, ముందు కూర్చో," అన్నాడు దడదడ. మాట అరుపులా వచ్చింది.

"ఈ మధ్య ముందు కూర్చుంటే నాకు కళ్ళు తిరుగుతున్నాయి రా. ఇక్కడైతే కాళ్ళు చాపుకోవచ్చు." కుడి మూలకి జరిగి సర్దుకుని కూర్చుంది. దడదడ తెరిచిన తలుపు పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

అక్క నుదురు ముడిపడింది. "ఏమండీ, ఒకసారి ఆపండి."

"ఏం ఆపాలి? ఇంకా తాళమే తిప్పలేదు!" అన్నాడు బావ.

అక్క నవ్వలేదు. తల కొంచెం పక్కకి వంచింది. పక్కగదిలో మాటలు వినేటప్పుడు మనుషులు అలాగే వంచుతారు.

"నాన్నేనా అక్కా?" నోరు జారింది.

"కాదు." అక్క గుసగుసగా అంది. "నీ గొంతు."

అక్క చెవి అటే పెట్టింది.

"ఉండు నాన్నా, కస్టమర్ ఉన్నాడు... అంటున్నావు." ఆగింది. ఇంకాస్త విన్నది. "ఇప్పుడు గడియ పెట్టావు."

మెల్లగా కళ్ళెత్తి వెనక గది తలుపు వైపు చూసింది. ఆ తలుపు బయటివైపు నున్నగా ఉంది. "దానికి బయట గడియ ఎప్పుడుందిరా?"

ఉండేది. నాన్న లోపలున్న ఆ ఒక్క నెలా ఉండేది. అక్కకి ఫోన్ చేసేముందే ఊడదీసి, మరమేకుల బొక్కల్లో లప్పం నింపి, రంగు పూశాడు. దాని సంగతి తెలిసిన ప్రాణి ఇంకోటి లేదు, లోపల ఉన్న ఆయన తప్ప. ఆయనకి కూడా చప్పుడే తెలుసు. దడదడకి నేలలోకి కుంగిపోతే బాగుండనిపించింది. అక్క మొహంలోకి చూడలేకపోయాడు. ఆ మొహంలో కోపమన్నా ఉంటే బతికిపోయేవాడేమో.

"అక్కా, నేను..."

"ఇంకా కొడుతూనే ఉన్నాడు రా," అంది అక్క. "వెళ్ళి తియ్యి."

బావ కూడా నవ్వు ఆపేసి అటే చూస్తున్నాడు. అతనికీ వినపడుతోంది. దడదడకి మాత్రం ఏమీ వినపడలేదు. వాన లేదు. ఊపిరి లేదు. అడుగులో అడుగు వేసుకుంటూ వెళ్ళి, మధ్యాహ్నం తనే తీసి తీగలు తెచ్చుకున్న ఆ తలుపు పిడి పట్టుకుని లాగాడు.

రాలేదు.

రెండు చేతులతో లాగాడు. పైన కదిలింది, కింద కదిలింది. ఛాతీ ఎత్తున, లప్పం పూసిన చోట మాత్రం బిగిసే ఉంది.