భయమాపకం

ఆ ఉదయం ఊళ్లో ఎవరూ ఆకాశం వంక చూడలేదు. అలవాటు ప్రకారం గడప మీది భయమాపకం వంకే చూశారు. దాని దీపం ఆకుపచ్చగానే ఉంది, ముప్పేమీ లేదని. కిందటి హెచ్చరికప్పుడు పడవలకు వేసిన తాళాలు మాత్రం అధికారులు ఇంకా తీయలేదు.

తీరం పొడుగునా కుక్కలకూ మేకలకూ చర్మం కింద ముందెరుక గింజలు నాటి ఒక తరం గడిచింది. భూమి అదరబోయినా ఉప్పెన రాబోయినా వాటి గుండెలు ముందే దడదడలాడతాయి. ఆ దడను గింజలు పట్నంలోని యంత్రానికి చేరవేయగానే దీపాలు ఎర్రబడతాయి, బూరలు మోగుతాయి. కిందటి ఉప్పెనలో ఒక్క ప్రాణమూ పోలేదంటే ఆ మూగజీవాల చలవే. కానీ ఈ ఏడు బూర మోగి ఊరు మాటిమాటికీ కొండ మీదికెక్కింది. ఎక్కినప్పుడల్లా చేపల వేట పోయింది, పొయ్యి ఆరింది. సముద్రం మాత్రం రాలేదు.

నూకరత్నం ఆ జీవాల కాపరి. దొడ్లో గంజి పోస్తుండగా ఆమె అన్న అప్పన్న మందిని వెంటేసుకుని వచ్చాడు. చేతుల్లో తెడ్లు, గొడ్డళ్లు.

"తప్పుకోయే నూకీ! ఈటి పిరికితనానికి మా పిల్లలెందుకు పస్తుండాల?"

"కాళ్లట్టుకుంతాను అన్నియ్యా. ఇన్ని గుండెలు ఒక్కసారి అదిరితే పట్నంలో యంత్రం పెద్ద బూర మోగించేస్తాది."

"సచ్చిన కుక్క ఏటి సెప్తాది?"

ఆమె ముంజేతి పలక పైకెత్తింది. పట్నంతో మాట్లాడాలన్నా, తప్పుడు హెచ్చరికను ఆపాలన్నా ఊరికి అదొక్కటే దారి. అప్పన్న తెడ్డు విసిరాడు. పలకా పగిలింది, ఎముకా విరిగింది.

గొడ్డళ్లు లేచాయి. మేకలు కంచెకు గుద్దుకుని మెడలు విరుచుకున్నాయి. పేగులు జారిన కుక్క ఒకటి నూకరత్నం చీర కుచ్చిళ్లలో తల దూర్చింది. ఆ అరుపులు విని పక్క ఊళ్ల కుక్కలూ వణికాయి. యంత్రానికి తెలిసినవి నేలా, నీరూ, గాలీ మాత్రమే. మనిషి కూడా ఒక ముప్పేనని దానికెవరూ నేర్పలేదు.

ఎన్నడూ వినని పెద్ద మోత మోగింది. తీరమంతటా దీపాలు ఎర్రబడ్డాయి.

"ఏటీ రాదు! మీరు సంపబట్టే మోగింది!" అని నూకరత్నం గొంతు చించుకుంది. గొడ్డళ్లు జారవిడిచి అందరూ పరుగెత్తారు. నాలుగు ఊళ్ల జనం కొండకు దారైన ఉప్పుటేరు వంతెన మీద ఒకేసారి పడ్డారు. కింద పడినవాళ్లను తొక్కుకుంటూ వెనకవాళ్లు తోశారు. వంతెన పక్క కమ్మీలు విరిగాయి.

నూకరత్నం వంతెన దగ్గరికి వెళ్లేసరికి అప్పన్న సరుగుడు చెట్ల కింద పడుకుని ఉన్నాడు. ఛాతీ లోపలికి నొక్కుకుపోయింది. పక్కనే భార్య చిట్టెమ్మ, ముఖం మీద కప్పిన తువ్వాలుతో.

"నూకీ... కెరటం వచ్చిందా?"

చెట్ల సందుల్లోంచి సముద్రం కనిపిస్తూనే ఉంది. చెరువులా కదలకుండా ఉంది. విరిగిన చేతిని ఒడిలో పెట్టుకుని ఆమె అన్న తలను మోకాలి మీదికి తీసుకుంది.

"వచ్చింది అన్నియ్యా. పెద్ద కెరటమే."

చుట్టూ నిలబడ్డవాళ్లు అవునన్నట్టు తలలూపారు.