నా వెనక ఎవరూ లేరు

ఆదివారం పొద్దున్న అడవి అంచున బస్సు దిగగానే అక్క చేసిన మొదటి పని, ఆఫీసు వాళ్ళంతా చూస్తుండగా, "పొట్టీ, స్వెట్టరు గుండీలు పెట్టుకోవే, చలిగాలి" అని కేకెయ్యడం.

పొట్టి అన్నది చిన్నప్పటి పిలుపు. ఇప్పుడు పొట్టి అక్క కన్నా జానెడు పొడుగు. ఇళ్ళ నక్షాలు గీసే ఆఫీసులో చేరి ఇంకా కుర్చీ వేడెక్కలేదు. ఆ ఆఫీసులో ఏడాదికోసారి అందరూ కలిసి అడవిలోంచి, చెరువు గట్ల మీదుగా, పాత కోట దాకా నడిచొస్తారు. ఇంట్లోవాళ్ళని కూడా తీసుకురావచ్చు అన్నారు. ఆ ముక్క ఇంట్లో పొట్టి నోరుజారి అనేసింది. అంతే, అక్క వెళ్ళి కాన్వాసు బూట్లు కొనుక్కొచ్చింది. ఒక సైజు పెద్దవి. "తగ్గింపులో ఇవే మిగిలాయే" అంటూ వేళ్ళ దగ్గర దూది కుక్కుకుంది.

అక్క ఆస్పత్రి లాండ్రీలో పనిచేస్తుంది. దుప్పట్లు, తలగడ గలీబులు, రక్తం మరకల గౌన్లు. ఎన్నిసార్లు ఒళ్ళు రుద్దుకున్నా బ్లీచింగు వాసన పోదు. ఆ వాసనతోనే పొట్టికి జడలేసింది, ఆ వాసనతోనే కాలేజీ ఫీజు కట్టింది. 'శ్రమకు సిగ్గేమిటి' అని పొట్టి స్టేజీ మీద బల్లగుద్ది మాట్లాడి కప్పు గెలిచిన రోజున, ఒంటి మీదున్న చొక్కా కాలరుకి గంజి పెట్టిందీ అక్కే.

ఆఫీసులో మాత్రం పొట్టి "మా అక్క ఆస్పత్రిలో చేస్తుంది" అని ఆపేసింది. "డాక్టరా?" అని హెడ్ మేడమ్ అడిగితే నవ్వి ఊరుకుంది. అబద్ధం ఆడలేదు కదా అని తనకి తనే సర్దిచెప్పుకుంది. ఇప్పుడా నవ్వు తిరిగొచ్చి ఎదురుగా నిలబడింది.

"ఎవరావిడ? నిన్నేదో పేరు పెట్టి పిలుస్తోంది" అంది హెడ్ మేడమ్, అక్క బూట్లని చూస్తూ.

"మా వీధిలో ఉంటారండీ. ఒక్కదాన్నే ఎందుకని తోడొచ్చారు."

"మరి మీ డాక్టరక్క?"

"డ్యూటీ ఉందండీ."

అని వెనక్కి తిరిగింది. అక్క చెయ్యి చాస్తే అందేంత దూరంలో ఉంది. వంగి బూటు తాడు కట్టుకుంటోంది. ఆ తాడు ఎప్పుడో కట్టేసే ఉంది.

అందరినీ నడిపించేది ఒక డ్రిల్ మాస్టారు. బడి నుంచి రిటైరయ్యాక కూడా ఈల మెడలోంచి తియ్యని మనిషి. బయల్దేరే ముందు అందరినీ నిలబెట్టి చెప్పాడు.

"ముందు నేనుంటాను. అందరికన్నా వెనక ఒకరుండాలి. దారిలో కంచె గేటు వచ్చినప్పుడల్లా నేను 'వెనకెవరు?' అంటాను. ఆఖరి మనిషి వెనక్కి తిరిగి చూసి, 'నా వెనక ఎవరూ లేరు' అని చెప్పాలి. అప్పుడే గేటు వేస్తాను, లేకపోతే మేకలు అవతలికి పోతాయి. చూడకుండా చెప్పడం మాత్రం కుదరదు. ఎవరికున్నాయి కుర్ర కాళ్ళు?"

అందరూ పొట్టినే చూశారు.

అడవి మెత్తగా ఉంది. రాలిన ఆకుల మీద అడుగులు దుప్పటి మీద వేసినట్టు పడుతున్నాయి. చెట్ల మధ్య చిన్న చిన్న చెరువులు, వాటి మీద పచ్చటి నాచు, నాచు మీద ఆకుల నీడలు. మామూలుగా అయితే ఇలాంటి చోట అక్క నోరు ఊరుకోదు. 'ఈ కాయ చూడవే, ఈ పిట్టకి తోకెంతుందో చూడవే' అని ప్రాణం తీస్తుంది. ఇవాళ ఒక్క మాట లేదు. వెనక నుంచి బూట్లు ఈడుస్తున్న చప్పుడు మాత్రం వస్తోంది. గేటు దగ్గర డ్రిల్ మాస్టారు అరిచినప్పుడల్లా అక్క గబగబా పొట్టిని దాటి ముందుకెళ్ళి నిలబడేది. అప్పుడు పొట్టి వెనక్కి చూసి, "నా వెనక ఎవరూ లేరు" అనేది. అది నిజమే అయ్యేది.

కోట కింద పెద్ద చెరువు. అక్కడికొచ్చేసరికి మధ్యాహ్నం వాలిపోయింది. నీళ్ళ మీద నుంచి మంచు పొగలా లేస్తోంది. గట్టున నునుపుగా అరిగిపోయిన ఒక బండ. అక్క దాని మీద కూలబడి బూట్లు విప్పింది. రెండు మడమలూ చర్మం లేచి ఎర్రగా ఉన్నాయి.

"నువ్వు నడు. నేనొస్తా" అంది, తల ఎత్తకుండా.

"తొందరగా రా మరి."

"ఊఁ."

అక్క అలిగితే అంతే. అన్నం మానెయ్యదు, అరవదు. అన్నిటికీ ఊఁ అంటుంది. ఆ ఊఁ ఎక్కడ గుచ్చుకుంటుందో పొట్టికి తెలుసు. పక్కన కూర్చుని ఆ కాళ్ళకి రుమాలు చుట్టి ఉండాల్సింది. పైనుంచి హెడ్ మేడమ్ చెయ్యి ఊపింది. "ఇలా రా, ఈ తోరణం కట్టిన తీరు చూడు, నీకు పనికొస్తుంది."

పొట్టి వెళ్ళిపోయింది.

కోట ద్వారానికి ఇప్పుడు ఇనుప గేటు. డ్రిల్ మాస్టారు దాని మీద చెయ్యేసి, అందరూ లోపలికొచ్చాక కథ మొదలెట్టాడు. "మన గేటు పద్ధతి ఉంది చూశారూ, అది ఈ కోటదే. చీకటి పడే ముందు కాపలావాడు ఆఖరున వచ్చిన మనిషిని అడిగేవాడుట. వెనక ఎవరూ లేరని చెప్పాక తలుపు పడిందంటే తెల్లారేదాకా తియ్యరు. ఆ తర్వాత ఎవరొచ్చి పిలిచినా, కన్నకూతురే పిలిచినా, వాళ్ళని మనుషుల్లో లెక్కెయ్యరు." ఒక్క క్షణం ఆగి కన్ను గీటాడు. "అంచేత చూసి చెప్పు తల్లీ. వెనకెవరు?"

పొట్టి వెనక్కి తిరిగింది. దారి చెరువు దాకా దిగి మంచులో కలిసిపోతోంది. ఆ తెల్లటి దాంట్లో ఏదో కదిలినట్టుంది. వచ్చేస్తోందిలే. మళ్ళీ ఇటు చూస్తే అందరి కళ్ళూ తన మీదే. ఆగమంటే ఎవరికోసమని అడుగుతారు. వీధిలో ఆవిడ కోసం ఎంతసేపు ఆగుతారు? అక్క కోసం అంటే... ఏ అక్క?

"నా వెనక ఎవరూ లేరు" అంది.

గేటు కిర్రుమని పడింది.

అందరూ గోడలు చూస్తూ లోపలికి సాగారు. అప్పుడు వినిపించింది పొట్టికి. కింద చెరువు దగ్గర... టప్. కాస్త ఆగి... టప్. తడిబట్ట బండకేసి కొట్టినట్టు. అక్క మెషీన్ల మీద ఉతుకుతుంది. బండ మీద ఉతకడం పొట్టి ఏనాడూ చూడలేదు. పక్కనున్నవాళ్ళని చూసింది. ఎవరూ తలెత్తలేదు. టప్...

ఆగిపోయింది.

ఆ ఆగిపోవడమే పొట్టిని కదిలించింది. గేటు తీసుకుని కిందికి పరుగెత్తింది. బండ మీద బూట్లు పక్కపక్కనే పెట్టి ఉన్నాయి. వాటిలో దూది అలాగే ఉంది. అక్క లేదు. చెరువు మీద నాచు ఎక్కడా చెదరలేదు. మంచు చెవుల్లో దూరినట్టుంది, పిట్ట కూత కూడా లేదు.

పిలవాలి. నోరు తెరిచింది. సరిగ్గా అప్పుడే పైన గోడ మీదికి హెడ్ మేడమ్ వచ్చి నిలబడింది. "ఏమైంది?" అంటోంది.

'అక్కా' అన్న మాట నాలుక చివరిదాకా వచ్చి ఆగింది. పొట్టి దాన్ని మింగేసింది. ఆ సిగ్గు ఎంత చేదో జన్మకి మర్చిపోదు.

"ఏవండీ..." అని పిలిచింది మంచులోకి. "ఏవండీ, ఉన్నారా?"

తర్వాత చాలా దగ్గర నుంచి...

"ఉన్నానండీ."

మంచులోంచి నడిచొచ్చింది. అదే మొహం, అదే చీర, మోకాళ్ళ దాకా తడి. బండ మీద కూర్చుని బూట్లలో దూది లాగి నీళ్ళలో పారేసింది. బూట్లు తొడుక్కుంది. కొలిచి కుట్టినట్టు సరిపోయాయి.

"పదండి. ఆలస్యమైంది" అంది.

తిరుగుదారిలో ఆవిడ పొట్టి వెనకే నడిచింది. మడమలు తగులుతాయా అన్నంత దగ్గరగా. అడుగుల చప్పుడు లేదు. బూట్లు ఈడ్చడం లేదు. గేట్ల దగ్గర డ్రిల్ మాస్టారు అడిగినప్పుడు పొట్టి వెనక్కి తిరగలేకపోయింది. "ఎవరూ లేరు" అంటుంటే మెడ మీద చల్లటి ఊపిరి తగిలింది.

బస్సులో అందరూ కునుకుతున్నారు. పొట్టి గుసగుసగా అడిగింది. "అక్కా, కోపమా?"

ఆవిడ మర్యాదగా ఇటు తిరిగింది. "పొరపడ్డారండీ. నేను మీ వీధిలో ఉంటాను."

పొట్టికి తల తీసేసినట్టయింది. అలకే. అలిగే అంటోంది. తనకి తగిన శాస్తే. ఇంటికెళ్ళాక కాళ్ళు పట్టుకుంటాను, రేపు ఆఫీసులో అందరి ముందూ చెప్పేస్తాను అనుకుంది. అనుకుంటూ కాస్త దగ్గరగా జరిగింది. బ్లీచింగు వాసన రాలేదు. చెరువు అడుగున ఎన్నాళ్ళ నుంచో ఉన్న బురద వాసన వచ్చింది.

వాళ్ళది మేడమీద రెండు గదుల వాటా. తాళం తీసినా ఆవిడ గుమ్మం బయటే నిలబడింది. "రావే" అని నోటిదాకా వచ్చింది గానీ పొట్టికి ఎందుకో మాట మారింది. "రండి" అంది. అప్పుడు లోపలికొచ్చింది.

పొట్టి పొయ్యి వెలిగించి నీళ్ళు పెట్టింది. మాట ఎలా మొదలెట్టాలో తెలియక గిన్నె వంకే చూస్తూ నిలబడింది. వెనక గదిలో, నిన్న ఆరాక తెచ్చి పెట్టిన బట్టల బుట్ట ముందు ఆవిడ కూర్చుంది. మడతపెడుతోంది కాబోలు అనుకుంది. అక్క ఏ పనీ లేకపోతే అదే చేస్తుంది.

చుక్కలు పడుతున్న చప్పుడు.

తొంగి చూసింది. ఆవిడ ఆరిన బట్టల్ని ఒక్కొక్కటే తీసి పిండుతోంది. మెలితిప్పి, బలంగా, తల వంచుకుని. పొట్టి ఆఫీసు చొక్కా. తువ్వాలు. అక్క జాకెట్టు. ఒక్కోదాంట్లోంచి పచ్చటి నీళ్ళు కారి గచ్చు మీద పారుతున్నాయి.

అప్పుడు మెట్ల మీద అడుగులు. ఉత్తకాళ్ళు. ఒక అడుగు, ఒక ఈడ్పు. ఒక అడుగు... ఒక ఈడ్పు. గుమ్మం ముందు ఆగాయి.

"పొట్టీ."

పొట్టి పొయ్యి కట్టేసింది.

"తలుపు తియ్యవే. నా బూట్లు ఎవరో పట్టుకుపోయారే. ఇంత దూరం ఉత్తకాళ్ళతో వచ్చా. మడమలు మండిపోతున్నాయే."

తలుపు సందులోంచి బ్లీచింగు వాసన. అవునా? వస్తోందా, లేక రావాలని తనే అనుకుంటోందా? పొట్టి నీళ్ళలో కాళ్ళేసుకుంటూ తలుపు దగ్గరికెళ్ళింది. చెయ్యి గడియ మీద పడింది.

"తియ్యకండి" అంది వెనక ఆవిడ, పిండడం ఆపకుండా, మెల్లగా. "ఎవరూ లేరని మీరే చెప్పారు. గేటు పడిపోయింది. ఇప్పుడొచ్చి పిలిచేది మనిషి కాదండీ."

"పొట్టీ, ఎవరే లోపల?" అంది బయటి గొంతు. "ఎవరితోనే మాట్లాడుతున్నావు?"

లోపలున్నది ఎవరన్నది చెప్పాలి. పొద్దున్న అడిగినప్పుడు చెప్పలేకపోయింది. మధ్యాహ్నం అడిగినప్పుడు చెప్పలేకపోయింది. ఇవాళంతా నోట్లో దాచిన ఆ ఒక్క మాట తప్ప తన అక్కని గుర్తుపట్టడానికి పొట్టి దగ్గర ఇంకేమీ మిగల్లేదు. కింది వాటావాళ్ళు వింటారు, వీధంతా వింటుంది. విననీ.

"అక్కా" అని అరిచింది.

"ఊఁ" అంది తలుపు బయట.

"ఊఁ" అంది వీపు వెనక.

ఒకే గొంతు. ఒకే అలక. రెండూ ఒకేచోట గుచ్చుకున్నాయి. పిండుతున్న చప్పుడు ఆగిపోయింది. పొట్టి కదలకుండా, తల తిప్పకుండా, తలుపు కింద సందునే చూస్తూ నిలబడింది. అక్కడ పచ్చటి నీళ్ళు పారుతూనే ఉన్నాయి. అవి ఇంట్లోంచి బయటికి పోతున్నాయో, బయటి నుంచి ఇంట్లోకి వస్తున్నాయో, ఎంత చూసినా తెలియడం లేదు.