తప్పు చదివిన గొంతు

మా తమ్ముడి ఇంట్లో మెట్ల కింద ఒక గది ఉంది. దానికి మంచి పేరు లేదు. రాత్రుళ్ళు అందులోంచి ఓ ఆడగొంతు వినిపిస్తుందట. "ఆగండి... తప్పు... మళ్ళీ మొదటినుంచి" అంటుందట. పై వాటాలో ఒకావిడ అది విని, పిల్లల్ని చంకనేసుకుని ఇల్లే ఖాళీ చేసింది. పోతూ పోతూ మా వాళ్ళ నిచ్చెన కూడా పట్టుకుపోయింది — అది వేరే సంగతి.

మా తమ్ముడు కొట్టిపారేసేవాడు. పడుకున్నాడంటే పక్కన డప్పు కొట్టినా లేవడు, వాడికేం వినిపిస్తుంది!

అది మా మరదలి గది. చూపులేని పిల్లల కోసం అందులో కూచుని పాఠాలు చదివి రికార్డు చేసేది. గోడలకు పాత బొంతలు, మధ్యలో అడ్డుగోడలా గాజు అద్దం, అద్దానికి ఇవతల తమ్ముడి కంప్యూటరు. తర్వాత ఆమె గొంతుకి ఆపరేషనయింది. ప్రాణం నిలిచింది... గొంతు పోయింది.

ఏళ్ళ తరబడి చదివిందంతా ఒక పాత హార్డ్ డిస్కులో మిగిలింది. రెండో కాపీ ఎందుకు తీయలేదని మాత్రం అడక్కండి. నేనడిగితే వాడు వారం రోజులు నాతో మాట్లాడలేదు.

ఒకనాడు కంప్యూటరు తనంతట తానే కొత్త సాఫ్ట్‌వేర్ వేసుకుంది. అంతే — ఆ డిస్కు దానికి పరాయిదైపోయింది. కేబుల్ మార్చాడు. ఇంకో రంధ్రంలో గుచ్చాడు. ఆపి వేశాడు, వేసి ఆపాడు. దీపం వెలుగుతుంది, డిస్కు తెరుచుకోదు. తెర మీద ఒకటే ప్రశ్న — ఈ డిస్కును ఫార్మాట్ చేయాలా?

అంటే, ఉన్నదంతా తుడిచేయాలా అని.

ఆ రాత్రి, కంప్యూటర్ల పని తెలిసిన అల్లుడికి ఫోను చేశాడు.

"కొట్టెయ్యండి మామయ్యా! తర్వాత అన్నీ వెనక్కి లాగొచ్చు."

"రాకపోతే?"

"ఇప్పుడు మాత్రం ఉన్నట్టా?"

ఫోను పెట్టేశాడు. ఇల్లంతా నిశ్శబ్దం. మరదలు పడుకుందనుకున్నాడు. బాణం గుర్తు 'అవును' మీదికి వెళ్ళింది... వేలు దిగబోతోంది —

"ఆగండి!"

అద్దం అవతల, చీకట్లోంచి. ఆమె గొంతే! ఆపరేషనుకు ముందటి గొంతు.

"తప్పు... మళ్ళీ మొదటినుంచి."

"ఎవరూ?" అన్నాడు, తనకే వినిపించనంత మెల్లగా.

అద్దం వెనక చిన్న వెలుగు. ఆ వెలుగులో మా మరదలు, ఆమె ముందు ఎప్పుడో మూలన పడేసిన పాత ల్యాప్‌టాప్. చదివేటప్పుడు తప్పు దొర్లితే "ఆగండి" అనేసి మళ్ళీ మొదలుపెట్టడం ఆమె అలవాటు. బాగా వచ్చినవన్నీ డిస్కుకెక్కించి, చెడిపోయినవి ఆ ల్యాప్‌టాప్‌లోనే వదిలేసేది. గొంతు పోయాక రోజూ రాత్రి దొంగచాటుగా వచ్చి, ఆ తప్పుల్నే వింటూ కూచునేదట. ఇప్పుడు మొగుడి చెయ్యి చూసింది. అరవడానికి గొంతేదీ? ఆ తప్పునే మోగించింది.

ఆమె చెయ్యి చాపింది. వాడు డిస్కు తెచ్చిచ్చాడు. ఏ కొత్త సాఫ్ట్‌వేరూ ఎక్కని ఆ ముసలి యంత్రం కాసేపు మూలిగి, డిస్కును తెరిచింది.

ఆ గదిలో దెయ్యం ఉందని వీధిలో ఇప్పటికీ అంటారు. మా తమ్ముడు కాదనడు. రాత్రయితే వాడూ వెళ్ళి దాని పక్కనే కూచుంటున్నాడు.